బొలేరోకు వెనక గేటు, ఫార్చ్యూనర్‌కు ముందు గేటా?

బత్తాయి తోట (నల్లగొండ):
మొన్న బంధువుల పెళ్లికి నా బొలేరో పికప్‌లో వెళ్లాను. ఫంక్షన్ హాలు కాపలాదారు "వంట సామాను బండ్లు వెనక నుంచి" అన్నాడు. నా తర్వాత వచ్చిన ఫార్చ్యూనర్‌కు గేటు బార్లా తీసి సలాం కొట్టాడు. పసుపు నంబరు ప్లేటు కనిపిస్తే చాలు, నడిపేవాడు తాగుబోతు, మొండివాడు, చదువు అబ్బనివాడు! అంతే పెద్ద బండికి తెల్ల ప్లేటు ఉంటే పెద్దమనిషి. తోట మాదే, బండి మాదే. అయినా పెళ్లి సంబంధాల దగ్గర మా తమ్ముణ్ణి "డ్రైవరట కదా" అని పెదవి విరుస్తున్నారు. ఇదేం న్యాయం?

మిర్యాలగూడ సార్:
తమ్ముడూ, గేటు దగ్గర జరిగింది అవమానమే. కానీ మా భయాన్ని కూడా చిన్నచూపు కింద జమ కట్టకు. స్కూటర్ మీద బడికి వెళ్లేవాణ్ణి. ఎదురుగా పికప్ వస్తే రోడ్డు దిగి నిలబడతాను. పత్తి తీసే రోజుల్లో వెనక కూలీలు కిక్కిరిసి ఉంటారు. 2018లో పీఏపల్లి మండలం వద్దిపట్ల దగ్గర కూలీల ట్రాక్టరు కాలువలో పడి ఎందరు చనిపోయారో ఈ జిల్లా మరిచిపోయిందా? మోటారు వాహనాల చట్టానికి 1994లో చేసిన సవరణ తర్వాత సరుకుతో వెళ్లే యజమానికి, అతని ప్రతినిధికి బీమా రక్షణ వచ్చింది. ఊరికే ఎక్కించుకున్నవారికి రాలేదు.

పాలమూరు తెల్లకారు:
మాకు సలాములు కొడతారు సరే, వెనక అనే మాటలూ వినండి. జడ్చర్ల వైపు స్కార్పియోలో వెళితే ప్లాట్లు అమ్మేవాణ్ణో, ఎవరో నాయకుడి అనుచరుణ్ణో అనుకుంటారు. ఇంట్లో ఏడుగురం ఉన్నామని కొన్న బండి అది.

బత్తాయి తోట:
అన్నా, మిమ్మల్ని అనుమానించేవాళ్లు కూడా ముందు కుర్చీ వేస్తారు. మాకు వేయరు. లోడుతో కలిపి 7,500 కిలోల లోపు బరువుండే సరుకు బండికి మామూలు కారు లైసెన్సు చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే చట్టం దృష్టిలో మీరూ నేనూ ఒకే లైసెన్సు వాళ్లం.

సార్, లోడు సంగతి కూడా వినండి. రాత్రంతా నడిపి బాటసింగారం మార్కెట్‌కు వేళకు చేరాలి. బయలుదేరేటప్పుడు వ్యాపారి "ఇంకో అర టన్ను వేసుకో" అంటాడు. కాదంటే మరో బండిని పిలుస్తాడు. పట్టుబడితే జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. కట్టేది బండివాడు. ఎక్కించినవాణ్ణి మాత్రం ఊరంతా "సేటూ" అని పిలుస్తుంది.

మిర్యాలగూడ సార్:
సేటు నీ మెడ మీద కూర్చున్నాడని నా స్కూటర్ ముళ్లకంపలోకి దిగాలా?

దేవరకొండ అక్క:
కూలీలు, కూలీలు అంటున్నారు కానీ కూలీలను ఎవరూ అడగడం లేదు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమే. అది మండల కేంద్రానికి పోతుంది, పత్తి చేనుకు రాదు. మేస్త్రీ ఏ బండి పంపితే అదే ఎక్కుతాం. మలుపులో వేగం తగ్గించేది ఎవరో, మమ్మల్ని ఒకరి మీద ఒకరిని పడేసేది ఎవరో మాకు పేరుపేరునా తెలుసు. ప్లేటు రంగు చూసి భయపడేది రోడ్డు మీది వాళ్లు, సార్. మేము మనిషిని చూసి భయపడతాం.

తమ్ముడూ, నిన్నూ ఒకటి అడుగుతాను. తలకు ఇంత అని బండి కిరాయి మేస్త్రీ మా కూలిలోంచే కోస్తాడు. ఆ డబ్బు తీసుకునే బండ్లవాళ్లలో "ఇంతకు మించి ఎక్కించను" అన్నవాడు ఒక్కడున్నాడా? సేటు ముందు మీరు నోరెత్తలేరు, మీ ముందు మేము ఎత్తలేం.

బత్తాయి తోట:
నా పికప్‌లో కూలీలను ఎక్కించను, అక్కా. మా తోటకు వచ్చేవాళ్లు ఆటోలో వస్తారు.

దేవరకొండ అక్క:
ఆ ఆటోలో ఎంతమంది దిగుతారో ఎప్పుడైనా లెక్క పెట్టావా?