డిసెంబరులో స్పెయిన్ తీరం వెంట వ్యాన్ ట్రిప్: రాత్రిళ్లు ఎలా?

బార్సిలోనా నుంచి కాబో దె గాతా (ఆగ్నేయ తీరంలోని ప్రకృతి పార్కు) దాకా నలుగురు స్నేహితులం వ్యాన్‌లో వెళ్దామనుకుంటున్నాం. ఏపీ-7 రోడ్డు మీద (పేరు చూసి నవ్వుకున్నాం) తారగోనా నుంచి అలికాంతె దాకా 2020 నుంచి టోల్ లేదు, కాబట్టి దారి గురించి బెంగ లేదు. నా టెన్షనంతా రాత్రుల గురించే. పోయిన నెల పిరనీస్ కొండల్లో వ్యాన్‌లో ఒక్క రాత్రి పడుకుంటే చలికి బ్యూటేన్ గ్యాస్ స్టవ్ మిణుకుమిణుకుమని ఆరిపోయింది. తెల్లారేసరికి అద్దాల మీంచి నీళ్లు కారి స్లీపింగ్ బ్యాగులు తడిసి ముద్దయ్యాయి. టీ చుక్క కూడా లేదు!

కాబో దె గాతా పార్కులో ఎక్కడపడితే అక్కడ టెంట్ వేయకూడదని తెలుసు. ఆ దారిలో చలికాలం కూడా తెరిచి ఉండే క్యాంప్‌సైట్లు ఏమైనా చెప్పగలరా? వ్యాన్‌లో చెమ్మ పట్టకుండా మీరేం చేస్తారు? స్టవ్‌కేమో బ్యూటేన్ బదులు ప్రొపేన్ గ్యాస్‌కి మారితే సరిపోతుందా? మావాడొకడికైతే పులిహోర కుదురుతుందా లేదా అన్నదొక్కటే దిగులు.