చేతిలో ఫోన్ ఉండగా ఇంటికి మళ్లీ కంప్యూటర్ దేనికి?

చించినాడ అవతల:

మా ఇంట్లో నాలుగు రోజులుగా ఇదే రగడ. తేల్చుకోలేక ఇక్కడ పెడుతున్నాను.

చెల్లికి ఇంజినీరింగ్ కంప్యూటర్ సైన్స్ (సీఎస్‌ఈ)లో సీటొచ్చింది. వచ్చే నెల హాస్టల్లో చేరాలి. మొన్నటి రొయ్యల పట్టుబడి డబ్బులోంచి నాన్న 60,000 తీసి పక్కన పెట్టి, "ఏదో ఒక కంప్యూటర్ కొనండ్రా" అన్నారు. అక్కడితో అయిపోవాల్సిన మాట. భోజనాల దగ్గర మా బావగారు అడ్డం తిరిగారు. "8 జీబీ ర్యామ్ ఉన్న ఫోన్ జేబులో పెట్టుకుని ఇంకా కంప్యూటర్ అంటారేంటి? ఇది కంప్యూటర్ కాదా?" అని. మేత లెక్క, బ్యాంకు, కరెంటు బిల్లు, మీభూమి సైట్లో పొలం 1బీ పత్రం, పిల్లాడి హోంవర్కు, అన్నీ ఆయన ఫోన్లోనే చేస్తారు. చెరువుగట్టు మీద నుంచున్నవాడికి బల్లా కుర్చీ ఎవడు వేస్తాడు అంటారు. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. నా బాధంతా అదే.

నా మనసులో ఉన్నది డెస్క్‌టాప్. హాల్లో ఒక మూల పెడితే ఇంటిల్లిపాదికీ పనికొస్తుంది, ఏ పార్టు పోతే ఆ పార్టే మార్చుకోవచ్చు. చెల్లి ల్యాప్‌టాప్ అంటోంది. అమ్మ ఎవరి పక్షమూ కాదు కానీ, "ట్యాబయితే ప్రవచనాలు పెద్దగా కనబడతాయట" అని ఒక మాట వేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. మీరైతే ఏం చేస్తారండి?

ఒట్టి ఫోను, అంబాజీపేట:

మీ బావగారికి నా ఓటు. మాది కొబ్బరికాయల వ్యాపారం. వెయ్యి కాయల రేటు పొద్దున్నే గ్రూపులో వచ్చేస్తుంది. లోడు ఫోటో, లారీ నంబరు, డబ్బు జమైన మెసేజ్, అన్నీ ఇందులోనే. ఆరేళ్ల క్రితం కొన్న డెస్క్‌టాప్ కొట్లో ఇంకా ఉంది. దాని సీపీయూ మీద ఇప్పుడు వినాయకుడు కూర్చున్నాడు. రోజూ ఆయనకి పువ్వు పెడతాం, దానికి స్విచ్చి మాత్రం వెయ్యం.

డీటీపీ డెస్క్, పాలకొల్లు:

ఆయ్, వినాయకుడికి పీటైనా దొరికింది కదండీ, దండగేం కాలేదు.

ఇక విషయానికొస్తే, శ్రావణం దగ్గర పడుతోంది, మా దగ్గర శుభలేఖల రద్దీ మొదలైంది. మొన్న ఒకాయన శుభలేఖ మొత్తం ఫోన్లో టైపు చేసి వాట్సాప్‌లో పంపి, "ఇంక ప్రింటు కొట్టడమే కదా, రేటు తగ్గించండి" అన్నారు. ఫోన్లో వచ్చేది యూనికోడ్ తెలుగు. మేము కార్డులకి వాడేది 'అను' అనే పేరున్న ఫాంట్లు, వాటి దారి వేరు. ఉన్నదున్నట్టు అతికిస్తే చెత్త అక్షరాలు పడతాయి. కన్వర్టర్‌లో వేశాక కూడా ఒక్కో వత్తూ కళ్లు పెట్టి చూసుకోవాలి. ఈయన కార్డులో "జ్యేష్ఠ పుత్రుడు" దగ్గర ఠ వత్తు జారి పక్క అక్షరం కింద కూర్చుంది. ఆరంగుళాల తెరమీద నేనూ రెండుసార్లు చూశాను, కనబడలేదు. 22 అంగుళాల మానిటర్ మీద పెద్దది చేసి చూస్తే అప్పుడు దొరికింది. 500 కార్డులు అచ్చయ్యాక దొరికితే ఎవరి నెత్తిన పడేదో చెప్పనక్కర్లేదు.

పెద్ద తెర, మౌసు, విండోస్. ఈ మూడూ లేకపోతే నా కొట్టు లేదు. చించినాడ గారూ, డెస్క్‌టాపే కొనండి.

ఒట్టి ఫోను, అంబాజీపేట:

మా మేనల్లుడి పుట్టినరోజు ఫ్లెక్సీ ఫోన్లోనే కాన్వా యాప్‌లో చేసుకున్నామండి. డీటీపీ వాళ్ల గడప తొక్కలేదు.

డీటీపీ డెస్క్, పాలకొల్లు:

అలాంటివి ప్రింటుకి మా దగ్గరకే వస్తాయి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది సైజు కుదించేస్తుంది. పదడుగుల ఫ్లెక్సీకి లాగితే పిల్లాడి మొహం గళ్లగళ్లుగా పగిలిపోతుంది. పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి బాబూ, కనీసం పోలికలు తెలుస్తాయి.

మిల్లు లెక్కలు, తణుకు:

నేను రైసుమిల్లులో అకౌంట్స్ చూస్తాను. ఇక్కడ ఎవరూ కీబోర్డు సంగతి ఎత్తలేదు. టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో రోజంతా ఎంట్రీలు వేసేవాళ్లకి మౌసుతోనే పని ఉండదు. ఎఫ్8 కొడితే సేల్స్, ఎఫ్9 కొడితే పర్చేజ్, కుడిపక్క నంబర్ ప్యాడ్ మీద చెయ్యి దానంతటదే పోతుంది. కళ్లు బిల్లు మీదే ఉంటాయి. కిందటేడు మా ఓనరు ముచ్చటపడి 14 అంగుళాల సన్నటి ల్యాప్‌టాప్ తెచ్చిచ్చారు. దానికి నంబర్ ప్యాడ్ లేదు. అంకెల కోసం పై వరస వెతుక్కుంటూ కూర్చుంటే మధ్యాహ్నానికి అయ్యే పని దీపాలు పెట్టేవేళకీ అవ్వలేదు. చివరికి విడిగా ఒక చిన్న యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ కొని తగిలించుకున్నాను.

అలాగని మీ చెల్లికి డెస్క్‌టాప్ అనను. హాస్టల్ మంచం మీదకి సీపీయూ ఎవరు మోస్తారండి?

రిటైర్డ్ లెక్కల మాస్టారు, అమలాపురం:

నాయనా, ఒక సంగతి చెప్తాను. జేఈఈ మెయిన్ గానీ, మన ఈఏపీసెట్ గానీ కంప్యూటర్ ముందు కూర్చుని రాసేవే. మా వీధిలో ఒక కుర్రాడు, లెక్కల్లో చురుకు, పరీక్ష హాల్లో తొలి అయిదు నిమిషాలు తెరని వేలితో నొక్కుతూ కూర్చున్నాడు. ఏమీ కదలదే! వాడికి తెలిసిన తెర ఫోన్ తెర ఒక్కటే. ఇన్విజిలేటర్ వచ్చి మౌసు చూపించిందాకా టెన్షన్‌తో చెమటలు పట్టాయట.

ట్యాబుని తీసిపారెయ్యకండి. 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబులిచ్చినప్పుడు చాలామంది నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత మనవరాలికి జ్యామితి చెప్తూ వాడి చూశాను. బొమ్మని రెండు వేళ్లతో పెద్దది చేసి, గీత గీసి, చెరిపి మళ్లీ గీస్తుంటే నల్లబల్ల గుర్తొచ్చింది. చదవడానికి, చూడడానికి, బొమ్మ గీయడానికి ట్యాబు మంచిదే. నాలుగు పేజీలు రాయమంటే మాత్రం దానికో కీబోర్డు తగిలించాలి. అప్పటికి ఖర్చు ల్యాప్‌టాప్ గుమ్మం దాకా వెళ్లిపోతుంది. మీ అమ్మగారి కోరిక వేరే, అది ఈ 60,000లో కలపొద్దు.

వారాంతం హైదరాబాద్:

నేను సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తాను, సొంతూరు రాజోలు దగ్గర. సీఎస్‌ఈ అమ్మాయికి ల్యాప్‌టాపే, దీంట్లో రెండో మాట లేదు. మొదటి ఏడు సీ ప్రోగ్రాములు ఫోన్ యాప్‌లో కూడా నెట్టుకురావచ్చు, నిజమే. తర్వాత ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో లాంటివి తెరవాల్సొస్తే 8 జీబీ ర్యామ్ కనీసం, 16 ఉంటే హాయి. ఫైళ్లు దాచుకోడానికి హార్డ్ డిస్క్ వద్దు, ఎస్‌ఎస్‌డీ ఉండాలి. అందులో తిరిగే పళ్లెం ఉండదు కాబట్టి బస్సు కుదుపులకి భయం తక్కువ. ర్యామ్ తర్వాత పెంచుకునే వీలుందా, బోర్డుకే అతికించేశారా అని కొనేముందు అడగండి.

బావగారికి ఒక ప్రశ్న. ఆయన రోజూ వాడే యాప్‌ని రాసినవాళ్లు దేనిమీద కూర్చుని రాసుంటారు? పైగా ఫోన్ చేస్తోందనుకుంటున్న పనిలో సగం ఫోన్ చెయ్యడం లేదు. 1బీ ఆయన ఫోన్లో ఉండదు, ఎక్కడో సర్వర్‌లో ఉంటుంది. ఫోన్ వెళ్లి అడిగి తెచ్చి చూపిస్తుంది, అంతే.

ఒట్టి ఫోను, అంబాజీపేట:

ల్యాప్‌టాప్‌లో తెరిచినా ఆ సర్వర్‌నే కదండీ అడిగేది? సర్వర్ డౌన్ అయిన రోజు మీ లక్ష రూపాయల మెషీను, నా 15,000 ఫోను ఒకే బెంచీ మీద కూర్చుని ఎదురుచూడాలి. ఈ లెక్కన ఫోనే లాభం.

వారాంతం హైదరాబాద్:

ఈ పాయింటు మీదే. ఒప్పుకుంటున్నా.

చించినాడ అవతల:

అందరికీ థాంక్సండి. హాస్టల్ మాట నాకు తట్టలేదు, సిగ్గుగానే ఉంది. నేను నా వాడకం గురించి ఆలోచించాను, చెల్లి గురించి కాదు. అయినా డెస్క్‌టాప్ మీద మనసు పూర్తిగా పోలేదు. మాకు ఇన్వర్టర్ ఉంది. కరెంటు పోతే డెస్క్‌టాప్ దానిమీద నడుస్తుందా, యూపీఎస్ కూడా కొనాలా?

అంతర్వేది గాలి:

సర్వీసింగ్ చేస్తానండి, సముద్రం పక్కనే కొట్టు. ఇన్వర్టర్ ముందు గానీ వెనక గానీ చిన్న స్విచ్చి ఉంటుంది, యూపీఎస్ మోడ్ అని. చాలామంది దాన్ని ముట్టుకోనే ముట్టుకోరు. మామూలు మోడ్‌లో లైన్ కరెంటు నుంచి బ్యాటరీకి మారేటప్పుడు కాస్త ఆలస్యమవుతుంది. ఫ్యానుకి ఆ తేడా తెలీదు, కంప్యూటర్ మాత్రం ఆగిపోయి మళ్లీ మొదటికొస్తుంది. యూపీఎస్ మోడ్‌లో చాలా త్వరగా మారుతుంది. ముందు అది పెట్టి చూడండి, ఆ తర్వాత కూడా ఆగిపోతుంటే యూపీఎస్ సంగతి. ల్యాప్‌టాప్‌కి ఈ గొడవే లేదు, లోపలే బ్యాటరీ ఉంది కాబట్టి.

మా వైపు డెస్క్‌టాప్‌కి అసలు శత్రువు గాలి. ఫ్యాను లోపలికి లాగే గాలిలో తేమ, ఉప్పు. వర్షాకాలంలో నాకొచ్చే కేసుల్లో చాలా మటుకు ఒకటే: ఆన్ చేస్తే బీప్ బీప్ అంటుంది, తెరమీద ఏమీ రాదు. సీపీయూ విప్పి, ర్యామ్ పీకి, దాని బంగారు రంగు పళ్లని పిల్లలు వాడే పెన్సిల్ రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, తుడిచి మళ్లీ పెడితే చాలాసార్లు లేచి కూర్చుంటుంది. రెండు నిమిషాల పని. దీనికి డబ్బులడగాలంటే నాకే మొహమాటం. ఒకసారైతే లోపల బల్లి పిల్లలతో సహా కాపురముంది. అయినా నేను డెస్క్‌టాప్ మనిషినే. రబ్బరుతో బాగయ్యే మెషీను ఇంకోటి చూపించండి.

అంబాజీపేట గారూ, వినాయకుణ్ణి కాస్త పక్కన కూర్చోబెట్టి మీదీ ఒకసారి రుద్ది చూడండి.

ఉండి రొయ్య:

అన్నీ చదివాను. అందరూ తెర ఉన్నవాటి గురించే కొట్టుకుంటున్నారు. నా చెరువుల్ని కాసే కంప్యూటర్‌కి తెరే లేదు.

రొయ్యలున్న ఇంట్లో పుట్టారు కాబట్టి మీకు చెప్పక్కర్లేదు, తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా కిందికి పడుతుంది. పగలు నీళ్లలో నాచు తయారుచేసిందంతా రాత్రి ఆ నాచూ రొయ్యా కలిసి పీల్చేస్తాయి. ఆ టైములో నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగాయంటే రొయ్య తేలడానికి ఎంతోసేపు పట్టదు. రెండేళ్ల క్రితం ఒక రాత్రి మూడు ఫేజుల్లో ఒకటి పోయింది. షెడ్డులో లైటు వెలుగుతూనే ఉంది, కాబట్టి కాపలా కుర్రాడికి అనుమానం రాలేదు. మోటార్లు మాత్రం ఆగిపోయాయి. పొద్దున్న చూసిన దృశ్యం రాయను.

ఆ తర్వాత ప్యానెల్ బోర్డులో ఒక డబ్బా పెట్టించాను. లంచ్ బాక్సంత ఉంటుంది. లోపల సిమ్ కార్డు, ఒక చిన్న చిప్పు. ఏ ఫేజు పోయినా నేనిచ్చిన నంబర్లకి వరసగా ఫోన్ చేస్తుంది, ఎత్తేదాకా వదలదు. అప్‌డేట్ అడగదు, పాస్‌వర్డ్ అడగదు.

ఇంకోటి. లెక్కలన్నీ ఫోన్లోనే పెట్టుకునే బావగారికి ఒక మాట. మేత ఎంత తిన్నాయో చూసే చెక్‌ట్రే ఎత్తడానికి వంగినప్పుడు నా ఫోన్ చొక్కాజేబులోంచి జారి చెరువులో పడింది. ఆ పంట మేత లెక్క మొత్తం నోట్స్‌లో రాసుకున్నాను, బ్యాకప్ లేదు. రొయ్యలు చదువుకునుంటాయి.

వారాంతం హైదరాబాద్:

ఆ డబ్బాలోదీ అచ్చమైన కంప్యూటరే. కాలేజీ ల్యాబుల్లో నేర్పే ఆర్డువినో ఊనో బోర్డు తీసుకోండి. దాని ర్యామ్ 2 కేబీ. బావగారి 8 జీబీ ఫోన్లో దానికి దాదాపు 42 లక్షల రెట్లుంది. అయినా ఒక్క పని అప్పజెప్తే ఏళ్ల తరబడి అదే చేస్తూ కూర్చుంటుంది. వాషింగ్ మెషీన్లో, ఎలక్ట్రానిక్ కాటాలో, రేషన్ డిపోలో వేలిముద్ర వేసే మిషన్లో ఇలా ఏదో ఒక చిప్పుంటుంది. వాటిని కంప్యూటర్లని మనం అనం, అంతే.

ఒట్టి ఫోను, అంబాజీపేట:

చూశారా, ఆ డబ్బా కూడా చివరికి ఫోన్‌కే ఫోన్ చేస్తోంది.

చించినాడ అవతల:

ఆలస్యంగా రాస్తున్నాను. నిన్న భీమవరం వెళ్లి వచ్చాం. చెల్లికి 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్ తీసుకున్నాం. నంబర్ ప్యాడ్ ఉన్నదే కావాలని నేను పట్టుబట్టాను. చెల్లి మోత బరువని మొహం మాడ్చుకుంది, రెండు రోజుల్లో పోతుంది. డెస్క్‌టాప్ ప్రస్తుతానికి లేదు. ఇన్వర్టర్ స్విచ్చి మాత్రం చూశాను, మాదీ మామూలు మోడ్‌లోనే ఉంది.

మిగిలిన డబ్బుతో ఉండి గారు చెప్పిన డబ్బా చెరువు ప్యానెల్‌లో పెట్టించాం. బావగారు సంబరపడ్డారు, "చూశావా, ఆఖరికి అన్నీ ఫోన్ దగ్గరకే వస్తాయి" అని. నాన్న మొదటి నంబరుగా ఆయనదే ఇచ్చారు. పొద్దున్న అక్క ఫోన్ చేసింది, రాత్రి మూడింటికి ఒకసారి, నాలుగున్నరకి ఒకసారి కరెంటు పోయిందట.