పీసీఓడీకి ప్లాస్టిక్ తగ్గించమన్నారు. ఆవిడకేనా, నాకు కూడానా?

పటమట కుర్రోడు:
పిల్లల కోసం చూస్తున్నాం. మా ఆవిడకి పీసీఓడీ, అదే హార్మోన్లు తేడా చేసి నెలసరి సరిగా రాని సమస్య. డాక్టరుగారు మందులతో పాటు ప్లాస్టిక్‌లో వేడివి తినొద్దన్నారు. ఇంట్లో ఆమెకి స్టీలు క్యారేజీ వచ్చేసింది. నేను మాత్రం రోజూ బెంజి సర్కిల్ దగ్గర పేపర్ కప్పులో టీ, కవర్లో సాంబారు. తెలిసినవాళ్లు చెప్పండి.

బ్రాడీపేట లెక్చరర్:
ఇద్దరికీనండి. గట్టి ప్లాస్టిక్‌లో వాడే బీపీఏ అనే రసాయనం ఒంట్లోకి వెళ్లి ఆడ హార్మోను ఈస్ట్రోజన్ వేషం వేస్తుంది. పీసీఓడీ ఉన్నవాళ్ల రక్తంలో అది ఎక్కువున్నట్టు చాలా అధ్యయనాల్లో వచ్చింది, కారణం అదేనని మాత్రం తేలలేదు. పీవీసీ అనే రకం ప్లాస్టిక్‌ని మెత్తబరిచే థాలేట్లనే రసాయనాలు మగ హార్మోనుకి అడ్డం పడతాయి. 2024లో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయం వాళ్లు 23 మంది వృషణాలు పరీక్షిస్తే అన్నిట్లో మైక్రోప్లాస్టిక్, అంటే ప్లాస్టిక్ సన్న రేణువులు, దొరికింది. అంతకుముందే ఇటలీలో బాలింతల మాయలోనూ కనిపించింది. ఇక మీ పేపర్ కప్పు పేరుకే పేపరు, లోపల ప్లాస్టిక్ పొర. వేడినీళ్లు 15 నిమిషాలుంచితే 100 మి.లీ.లోకి 25 వేల రేణువులు దిగాయని ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు 2020లో లెక్కగట్టారు.

కృష్ణలంక పిన్ని:
నీ టీ పావుగంట ఎక్కడుంటుంది బాబూ, నాలుగు గుక్కల్లో అయిపోతుంది. సాంబారు సంగతి చూసుకో. పొగలు కక్కేది కవర్లో పోసి ముడేసేసరికి అది మెత్తబడి వేళ్లకి అతుక్కుంటుంది. నేను హోటలుకి గిన్నె పట్టుకెళ్తా. మొదట్లో ఎగాదిగా చూశారు. ఇప్పుడు కవర్లో కంటే ఎక్కువే పోస్తున్నారు! ఆవకాయ కూడా జాడీలోనే.

బ్రాడీపేట లెక్చరర్:
జాడీ మంచి పని పిన్నిగారూ. థాలేట్లు నీళ్లలో కంటే నూనెలో తేలిగ్గా కరుగుతాయి.

సందేహాల రాయుడు:
అంతా భయపెట్టడం. వాటర్ టిన్ను మానేసి కాల్వ నీళ్లు తాగాలా?

బ్రాడీపేట లెక్చరర్:
మానమనలేదు రాయుడుగారూ. మే నెల ఎండలో ఆటో మీద కాగిన టిన్ను, గీతలుపడి మసకబారిన టిన్ను తీసుకోకండి. దించగానే స్టీలు బిందెలోకి వంపుకోండి.

ఏలూరు కాల్వ గట్టు:
ఒంటి సంగతి సరే, వీధి మాటో? 120 మైక్రాన్ల కంటే పల్చటి క్యారీ బ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం. మా సందులో కొత్తిమీర కట్టకి ఇప్పటికీ ఊదితే ఎగిరే కవరే. గట్టిగా వానపడితే అవన్నీ డ్రెయిను మూతికి అడ్డంపడి నీళ్లు గుమ్మంలోకొస్తాయి. అది చాలక తెల్లారకముందే మూలన పోగేసి తగలబెడుతున్నారు. ఆ చెత్తలో పీవీసీ ఉండి కాలితే డయాక్సిన్లనే విషాలు వస్తాయి. వాటి దెబ్బా హార్మోన్ల మీదే. గిన్నెలు మార్చుకోగలం గానీ ఆ పొగని ఏం చేస్తాం?

పటమట కుర్రోడు:
ఇంకోటి. ఆవిడకి ఇన్ని స్కానింగులు తీశారు, నాకింతవరకు ఒక్క టెస్టూ రాయలేదు.

బ్రాడీపేట లెక్చరర్:
ప్లాస్టిక్ సంగతి తర్వాత, ముందు మీరే అడిగి సెమెన్ టెస్టు చేయించుకోండి. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. ఇవాళ మానిందేదైనా అప్పటిదాకా రిపోర్టులో కనపడదు.