పవర్‌లైన్ కమ్యూనికేషన్‌లో పీహెచ్‌డీ ఇప్పుడు దండగేనా?

ఓఎఫ్‌డీఎమ్_రాజు: ఎంటెక్ అయింది. కరెంటు తీగల మీద డేటా పంపేటప్పుడు వచ్చే ఇంపల్సివ్ నాయిస్‌ని (క్షణకాలపు స్పైకుల గోలని) తగ్గించడం మీద పని చెయ్యమంటున్నారు మా సార్. మన దగ్గర స్మార్ట్ మీటర్లు ఎక్కువగా ఆర్‌ఎఫ్ మెష్ (మీటర్ నుంచి మీటర్‌కి రేడియోలో డేటా అందించుకోవడం), సిమ్ కార్డుల మీదే కదా. ఈ టాపిక్ తీసుకోవచ్చా?

గాలితరంగం: వద్దు. 865–867 మెగాహెర్ట్జ్ రేడియో బ్యాండు లైసెన్సు లేకుండా దొరుకుతుంటే తీగలో 500 కిలోహెర్ట్జ్ లోపు పాకులాట ఎందుకు? పైగా ఆ సిగ్నల్ ట్రాన్స్‌ఫార్మర్ దాటదు.

తీగలాగు: ఇటలీలో ఎనెల్ అనే కరెంటు కంపెనీ 2001లో మొదలుపెట్టి దాదాపు 3 కోట్ల మీటర్లు తీగ మీదే చదివింది. ఫ్రాన్స్‌లో లింకీ మీటర్లు 3 కోట్లకు పైనే, అవీ పీఎల్‌సీయే (పవర్‌లైన్ కమ్యూనికేషనే). మీటర్ల డేటా అంతా పోగుచేసే కాన్సంట్రేటర్‌ని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే పెడతారు. ఇంక దాటాల్సిన పనేముంది?

గాలితరంగం: అంటే దాటదని ఒప్పుకున్నట్టే.

తీగలాగు: బాగా తగ్గిపోతుంది అంటే దాటదని కాదండీ.

గాలితరంగం: అక్కడ ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద బోలెడు ఇళ్లు. మన పొలాల్లో హెచ్‌వీడీఎస్ అని, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ బదులు 15, 25 కేవీఏ చిన్నవి వేశారు, ఒక్కోదాని కింద నాలుగు మోటార్లు. ప్రతిదానికీ కాన్సంట్రేటర్ ఎవరు కొంటారు?

సెల్లార్_సుజాత: మా అపార్ట్‌మెంట్‌లో మీటర్లన్నీ సెల్లార్‌లోనే. అక్కడ ఫోనుకే సిగ్నల్ ఉండదు. స్మార్ట్ మీటర్ పెట్టినా ఇప్పటికీ మనిషొచ్చి రీడింగ్ తీసుకుంటున్నాడు. ఇదేనా మీ గాలి గొప్ప?

హ్యామ్_బాబాయ్: ఏదైనా చేసుకోండి గానీ తీగలోకి 2 నుంచి 30 మెగాహెర్ట్జ్ వదిలే బ్రాడ్‌బ్యాండ్ రకం వద్దు. తీగలే యాంటెనాలై నా షార్ట్‌వేవ్ సెట్టు నిండా గోల.

తీగలాగు: బాబాయ్, ఇది 500 కిలోహెర్ట్జ్ లోపు నడిచే న్యారోబ్యాండ్ సంగతి. రాజు అడిగింది నాయిస్ గురించి. డిమ్మర్లు, ఛార్జర్లు, ఇన్వర్టర్ల వల్ల మన 50 హెర్ట్జ్ లైన్లో సెకనుకు 100 సార్లు స్పైకులు వస్తాయి. డేటాని బోలెడు చిన్న ఫ్రీక్వెన్సీల (సబ్‌క్యారియర్ల) మీద పంచి పంపుతారు; రిసీవర్ వాటిని విడదీసే లెక్క (ఎఫ్‌ఎఫ్‌టీ) చేయగానే ఒక్క స్పైకు అన్ని సబ్‌క్యారియర్లకూ పాకుతుంది. స్పైకు పడ్డ శాంపిళ్లను సున్నా చేద్దామా అంటే సిగ్నల్‌కీ గండే. ఎంత దాటితే స్పైకు అనుకోవాలి, ఆ థ్రెషోల్డ్ ఎక్కడ పెట్టాలన్నదే అసలు సమస్య. సబ్‌స్టేషన్ పక్కన వైర్‌లెస్ రిసీవర్‌కీ ఇలాంటి బాధే, కాబట్టి పని వృథా కాదు.

గాలితరంగం: ఆ పని ఎలా జరుగుతుందో నన్నడగండి. ఇలాంటి నాయిస్‌కి లెక్కల నమూనా అయిన మిడిల్టన్ క్లాస్ ఎ మోడల్‌తో మ్యాట్‌ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లో మనమే నాయిస్ పుట్టించి, దాన్ని మనమే తగ్గించి, బీఈఆర్ (ఎన్ని బిట్లు తప్పొచ్చాయో చూపే) కర్వు గీసి పేపర్ పంపడం. నా పీహెచ్‌డీ అంతా అదే. ఒక్కరోజు కూడా లైనుకి కప్లర్ (మెయిన్స్ వోల్టేజీని ఆపి సిగ్నల్‌ని మాత్రం పంపే సర్క్యూట్) తగిలించనివ్వలేదు. ఇంటర్వ్యూలో లైన్ ఇంపీడెన్స్ ఎంతుంటుందని అడిగితే నోరు పెగల్లేదు.

తీగలాగు: అదీ సంగతి! మీ కోపం గైడు మీద. పీఎల్‌సీని ఎందుకు తిడతారు?

గాలితరంగం: కోపమే, దాచుకోను. ఆ మోడల్‌ని మామూలుగా వాడే తీరులో ఒక శాంపిల్‌కీ పక్కదానికీ సంబంధం ఉండదు. లైన్లో స్పైకులు గుంపుగా వస్తాయి. కొలవని కుర్రాడికి ఆ తేడా ఎలా తెలుస్తుంది?

తీగలాగు: మీ వీధిలో కొలిచింది మా వీధిలో పనికిరాదు. మోడల్ ఉంటేనే రెండు పద్ధతుల్ని పక్కపక్కన పెట్టి చూడగలం. సిమ్యులేషన్ చేసినవాళ్లంతా దొంగలా?

గాలితరంగం: దొంగలన్నానా? లైను చూడనివాళ్లన్నాను.

ఓఎఫ్‌డీఎమ్_రాజు: ల్యాబ్‌లో కప్లర్ ఉందా అని ఈరోజే అడిగాను. "అవన్నీ డిప్లొమా వాళ్ల పని" అన్నారు సార్.

గాలితరంగం: ఇంకో గైడుని వెతుక్కో తమ్ముడూ.

తీగలాగు: తొందరపడకు రాజూ. కప్లర్ సొంతంగా చేసుకోవచ్చు, కెపాసిటరూ చిన్న ట్రాన్స్‌ఫార్మరూ చాలు.

హ్యామ్_బాబాయ్: ఏ కెపాసిటర్ పడితే ఆ కెపాసిటర్ కాదు నాయనా, మెయిన్స్‌కి పెట్టే ఎక్స్2 రకమే వాడు. ఫ్యూజు మర్చిపోకు. స్కోప్ ప్రోబు నేరుగా 230 వోల్టులకు తగిలించావంటే పీహెచ్‌డీ సంగతి తర్వాత, ముందు నువ్వుండవు.