చూడ చూడ రుచుల... తీరా, జాడా?

కోనేటికట్ట: క్లాసిఫైయర్‌కు, అంటే ఇచ్చినదాన్ని ఏ రకమో తేల్చే ప్రోగ్రాంకు, ‘వర్గీకరణి’ అని రాస్తే పంటికింద రాయిలా ఉంది. ‘నేర్పరి’ లాగా ‘ఏర్పరి’ అందామా అనుకుంటుంటే వేమన ఉప్పుకప్పురం పద్యం తగులుకుంది. రెండో పాదం ‘రుచుల తీరు వేరు’నా, ‘రుచుల జాడ వేరు’నా?

అలిపిరి: జాడే. ఆ పాదంలో అయిదూ సూర్యగణాలు: చూడ, చూడ, రుచుల, జాడ, వేరు. ‘తీరు’ కూడా హగణమే (గురువు, లఘువు), కాబట్టి గణాలు సరిపోతాయి. పోయేది యతి, అంటే మొదటి, నాలుగో గణాల తొలి అక్షరాలు కలవడం. చూ, జా అచ్చులు కలవవు గనక అక్కడ చూడ–జాడ ప్రాసయతి, రెండో అక్షరం ‘డ’ కలవడం. చూడ–తీరు ఎట్లా నిలుస్తుంది సామీ?

కాణిపాకం: అంటే గణాలొక్కటే చూసే క్లాసిఫైయర్‌కు రెండూ ఆటవెలదే! నా తగాదా రెండో ‘చూడ’తో. మొదటిది కంటిచూపు, రెండోది రుచి చూడడం. తెల్లదనం ఒక్కటే ఫీచరైతే, అంటే చూసే లక్షణమైతే, ఉప్పూ కర్పూరమూ ఒకేచోట పడతాయి, గీత ఎక్కడ గీసినా అటూ ఇటూ రెండూ ఉంటాయి. నీళ్ళలో కరగడం అనే రెండో అక్షం చేర్చండి, ఒక్క గీత చాలు.

అలిపిరి: ఆమ్రేడితాన్ని, అంటే ఒకే మాట రెండుసార్లు రావడాన్ని, అట్లా చీల్చకూడదన్నా. చూడగా చూడగా అని. ట్రెయినింగ్‌లో ఎపాక్‌ల మాదిరి, డేటా అంతా మళ్ళీ మళ్ళీ చూపడం.

కాణిపాకం: తెల్లదనాన్నే నూరు ఎపాక్‌లు చూపించినా ఏం తెలుస్తుంది? గణాంకవేత్త ఫిషర్ 1936 ఐరిస్ పూల పట్టికలో 150 పూలు, 4 కొలతలు, 3 జాతులు. వాటిలో సెటోసా అనే జాతి రేకు పొడవు 2 సెంటీమీటర్లు దాటదు, ఆ ఒక్క కొలతతోనే విడిపోతుంది. మిగతా రెండు జాతులు నాలుగు కొలతలిచ్చినా సరళ హద్దుకు (తిన్నటి గీతకు) పూర్తిగా లొంగవు.

దామలచెరువు: పచ్చకర్పూరాన్ని మరిచారు. శ్రీవారి నామానికి వాడేది అది, హారతి బిళ్ళ వేరు. రెండు లేబుళ్ళే నేర్చిన మోడల్‌కు ఈ మూడోదాన్నిస్తే ‘తెలీదు’ అనదు. స్కోర్లను సంభావ్యతలుగా మార్చే సాఫ్ట్‌మాక్స్ వాటి మొత్తాన్ని 1 చేయాలి గనక ఏదో ఒక దాంట్లో పడేస్తుంది, అదీ ఒక్కోసారి ధీమాగా. ఇక మూడో పాదం, ‘పురుషులందు పుణ్యపురుషులు...’. 1000 మందిలో పుణ్యపురుషులు 10 మందే అనుకోండి. అందరినీ ‘కాదు’ అనేసే మోడల్‌కు ఆక్యురసీ (సరైన జవాబుల వాటా) 99 శాతం, రీకాల్ (ఉన్న పుణ్యపురుషుల్లో పట్టుకున్నవాళ్ళ వాటా) సున్న!

కోనేటికట్ట: మరి ‘ఏర్పరి’?

దామలచెరువు: మామిడి మండీలో బేనీషా, తోతాపురి ఏరేవాళ్ళను ఎవరూ అట్లా పిలవరు. ‘జల్లెడ’ అనండి.

కాణిపాకం: జల్లెడకు ఒకే కొలత, ఒకే హద్దు. చేటైతే బరువూ ఆకారమూ కలిపి చూస్తుంది.

అలిపిరి: చేట సంగతి తర్వాత. మూడో పాదం చివర ‘వేరయా’నా, ‘వేరయ’నా? రగణమైనా భగణమైనా ఇంద్రగణమే. యతి పు–పు ముందే తీరిపోయింది, ఇక్కడ అదీ సాయం రాదు.