హారన్ మోగట్లేదు, పొద్దున్నుంచి అదే పని

హంటర్‌రోడ్ తమ్ముడు: అన్నలూ, బండి హారన్ మోగట్లేదు. పొద్దున తొమ్మిదింటికి బానెట్ ఎత్తాను, ఇప్పుడు మూడైంది. ఫ్యూజ్ మార్చాను. కొత్త హారన్లు తెచ్చి బిగించాను, అవీ మోగట్లేదు. ఎల్లుండి చెల్లె పెండ్లి, పరకాల పోవాలి. ఒకటే టెన్షన్.

కాజీపేట వైరింగ్: ఏ బండి?

హంటర్‌రోడ్ తమ్ముడు: అంబాసిడరే కదా అన్నా. నాన్నది, 84 మోడల్.

ములుగురోడ్ మాస్టారు: 84 అంటే మార్క్ 4. అది సరే, కొత్త హారన్ అన్నావు, పెండ్లి అన్నావు, మ్యూజిక్ హారన్ కాదు కదా? కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989, 119వ నియమం చూడు. రకరకాల స్వరాలు పలికే హారన్ పెట్టకూడదు. అర్ధరాత్రి బరాత్ బండ్లు మా వీధిలో పాటలు వాయించుకుంటూ పోతుంటే, లోపల పడుకున్న వాళ్ళం మనుషులం కాదా? పోయిన శ్రావణంలో అయితే...

హంటర్‌రోడ్ తమ్ముడు: సార్, నాది అసలు మోగడమే లేదు.

కాజీపేట వైరింగ్: బ్యాటరీ నుంచి డైరెక్ట్ ఇచ్చావా?

హంటర్‌రోడ్ తమ్ముడు: ఇచ్చాను. ప్లస్ వైరు పిన్నుకు, మైనస్ వైరు హారన్ ఒంటికి. రెండూ మోగాయి. బటన్ నొక్కితే రిలే, అదే హారన్‌కు కరెంటు కలిపే స్విచ్చు, టక్కుమంటోంది. టెస్ట్ ల్యాంప్ ఒక కొస బ్యాటరీ మైనస్‌కు పెట్టి, రెండోది హారన్ వైరుకు తాకిస్తే వెలుగుతోంది కూడా.

కాజీపేట వైరింగ్: ఎర్త్ లేదు. కరెంటు బ్యాటరీకి తిరిగి పోయే దారి.

జనగామ డీజిల్: ఎర్త్ ఏందన్నా? రబ్బరు టైర్ల మీద నిలబడ్డ బండికి భూమి ఎక్కడిది? గ్రౌండ్ అనాలి.

ములుగురోడ్ మాస్టారు: గ్రౌండ్ అంటే మాత్రం ఆకాశమా?

జనగామ డీజిల్: సరే, ఛాసిస్ అనండి.

పాతబండ్ల పిచ్చి: అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ ఉండదు, మోనోకాక్, అంటే బాడీయే ఛాసిస్. షెడ్డులో అందరూ బాడీ అనే అంటారు.

కాజీపేట వైరింగ్: పెయింట్ వేయించావా?

హంటర్‌రోడ్ తమ్ముడు: ఆ, పెండ్లి కోసమే పోయిన నెల ఫుల్ పెయింట్. చెప్పలేదా?

కాజీపేట వైరింగ్: లేదు.

పాతబండ్ల పిచ్చి: దొరికింది. నీ హారన్‌కు వచ్చేది ఒకటే వైరు. కరెంటు తిరిగి పోవాల్సింది బిగించిన పట్టీ మీదుగా బాడీకి. ఒక్కో హారన్ నాలుగైదు ఆంపియర్లు లాగుతుంది, మధ్యలో పెయింట్ పొర ఉంటే ఇక దారి ఎక్కడిది? పెయింటర్ పట్టీతో సహా స్ప్రే కొట్టి ఉంటాడు. అదే పట్టీకి కొత్త హారన్ బిగిస్తే అదీ మూగదే. బోల్టు విప్పి, పట్టీ ఆనే చోట రెండువైపులా ఎమరీ పేపర్‌తో ఇనుము తళతళలాడేదాకా రుద్దు. గట్టిగా బిగించాక పైన కాస్త వాజలీన్ పూయి, తుప్పు పట్టదు. కొత్త పెయింట్ గీకడానికి మనసొప్పకపోతే హారన్ బోల్టు నుంచి బ్యాటరీ మైనస్‌కు విడిగా ఒక వైరు లాగు.

జనగామ డీజిల్: మైనస్ అనడం కూడా...

కాజీపేట వైరింగ్: నువ్వు ఆగు.

హంటర్‌రోడ్ తమ్ముడు: గీకాను, మోగింది! థాంక్స్ అన్నా. వీధి వీధంతా బయటికొచ్చింది. కానీ ఇప్పుడు స్టీరింగ్ కుడికి పూర్తిగా తిప్పితే బటన్ ముట్టకుండానే మోగుతోంది. పెయింటప్పుడు స్టీరింగ్ కూడా విప్పారు, అది చెప్పానా?