పసిబిడ్డలతో క్రూజ్ ప్రయాణం: టాంపాకు కొత్తగా వచ్చిన పర్లాకిమిడి కుటుంబానికి

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల నుండి వచ్చిన తెలుగువారందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. హెచ్‌-1బి వీసాపై భార్యాబిడ్డలతో 4 నెలల క్రితం ఫ్లోరిడాలోని టాంపా వచ్చాను. బాబుకు 3 ఏళ్లు నిండాయి, పాపకు 14 నెలలు. డిసెంబరులో మా అమ్మానాన్నలు సందర్శక వీసాపై వస్తున్నారు. అందరమూ కలిసి 5 రాత్రుల క్రూజ్‌కు వెళ్లాలని అనుకుంటున్నాము. ఆఫీసులో అందరూ ఒకసారి ఓడ ఎక్కితే తిండి, ఆట, నిద్ర అన్నీ అక్కడే జరిగిపోతాయని చెబుతున్నారు. ఇంత చిన్నపిల్లలతో అది కుదురుతుందా, టికెట్టు కొనే ముందు ఏమేమి చూసుకోవాలి అన్నది అనుభవమున్న పెద్దలు చెప్పగలరని ప్రార్థన.

బరంపురం నుండి జవాబు

తమ్ముడికి ఆశీస్సులు. నేను 19 ఏళ్లు ఫ్లోరిడాలో ఉద్యోగం చేసి, విరమణ తరువాత బరంపురం తిరిగి వచ్చినవాడిని. మా పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు ఒకసారి, మనుమలతో రెండుసార్లు ఓడ ఎక్కాను కనుక తండ్రి కష్టమూ తెలుసు, తాత కష్టమూ తెలుసు. మీరు నిశ్చింతగా వెళ్లవచ్చు. అయితే మీ ఆఫీసువారు చెప్పిన మాట బడికి వెళ్లే పిల్లలున్న ఇంటికి సరిపోతుంది గాని మీ ఇంటికి అంతగా సరిపోదు. డైపరు కట్టుకునే బిడ్డకు ఆ ఓడలో చాలా చోట్ల ప్రవేశం ఉండదు; డబ్బు కట్టి, ఓడ ఎక్కిన తరువాత ఆ సంగతి తెలిసి ఉసూరుమన్న కుటుంబాలను నేను ప్రతిసారీ చూశాను.

మొదటిది ఈతకొలను. అమెరికా రేవులకు విదేశాల నుండి వచ్చే ప్రయాణికుల ఓడలను అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం, అంటే సీడీసీ, ఓడల పారిశుధ్య కార్యక్రమం కింద తనిఖీ చేస్తుంది. ఆ నియమాల వల్ల డైపరు మానని పిల్లలను సాధారణ ఈతకొలనుల్లోకి గాని వేడినీటి తొట్లలోకి గాని దించనివ్వరు. ఈత డైపరు వేశామని చెప్పినా ఒప్పుకోరు. మా మనుమరాలికి ఏడాదిన్నర వయసులో కొత్త ఈతదుస్తులు తొడిగి, నెత్తిన టోపీ పెట్టి తీసుకువెళ్లాము. అది ఒక కాలు నీళ్లలో పెట్టిందో లేదో కాపలా అమ్మాయి వచ్చి, ఎంతో మర్యాదగా నవ్వుతూ, గోడమీది బోర్డును వేలితో చూపించింది. ఆ పిల్ల ఏడుపు మూడు అంతస్తుల పైదాకా వినిపించి ఉంటుంది. కొన్ని ఓడల్లో ఇలాంటి పసివాళ్ల కోసమే నీళ్లు చిమ్మే చిన్న ఆటస్థలాలు ఉంటాయి, వాటిలోకి ఈత డైపరుతో అనుమతిస్తారు. కంపెనీ పేరు కాకుండా, మీరు ఎక్కబోయే ఓడ పేరు చెప్పి, అందులో అలాంటి స్థలం ఉన్నదా అని అడగండి. ఒకే కంపెనీ ఓడల్లోనూ కొన్నింటిలో ఉంటుంది, కొన్నింటిలో ఉండదు.

ఇక్కడ టాంపావారికి ప్రత్యేకంగా ఒక చిక్కు ఉన్నది. సముద్రంలోకి వెళ్లే దారిలో సన్‌షైన్ స్కైవే వంతెన అడ్డు ఉన్నది. నీటి మట్టం నుండి దాని ఎత్తు సుమారు 180 అడుగులు కావడం వల్ల కొత్త తరపు భారీ ఓడలు దాని కింద పట్టక టాంపాకు రావు. ఇంటి దగ్గర రేవు గదా అని టాంపాలోనే ఎక్కితే, దొరికేది కొంత చిన్న, పాత ఓడ. పసిపిల్లల సదుపాయాలు ఎక్కువగా ఉండే పెద్ద ఓడలకోసం ఫ్లోరిడా తూర్పు తీరంలోని పోర్ట్ కెనావరల్‌కో మయామీకో వెళ్లాలి. రెండు కారు సీట్లు, ఇద్దరు పెద్దవాళ్లు, సామాను ఉన్నప్పుడు కెనావరల్ సులువు, ముందు రోజు రాత్రి అక్కడే హోటల్లో పడుకుంటే ఇంకా మేలు.

రెండవది పిల్లల క్లబ్బు. తల్లిదండ్రులకు కాస్త విశ్రాంతి దొరికేది అక్కడే. రాయల్ కరీబియన్‌లోనూ డిస్నీలోనూ, అంటే ఆ ఓడ కంపెనీల్లో, ఉచిత క్లబ్బు 3 ఏళ్లకు మొదలవుతుంది, పిల్లవాడు తనంతట తాను మరుగుదొడ్డికి వెళ్లగలగాలి. కార్నివాల్‌లో 2 ఏళ్లకే చేర్చుకుంటారు. మీ బాబుకు 3 నిండాయని సంతోషించకండి. ఇంకా డైపరు వదలకపోతే మొదటి రెండు కంపెనీల్లో వయసు నిండినా తిప్పి పంపుతారు కనుక డిసెంబరులోపు ఆ అలవాటు చేయించండి. పాపకు ఈ మూడు కంపెనీల్లోనూ ఉచిత క్లబ్బు లేదు. కొన్ని ఓడల్లో 6 నెలలు నిండిన బిడ్డలకు గంటకు ఇంతని తీసుకునే శిశు సంరక్షణ గది ఉంటుంది, కాని స్థలాలు తక్కువ. బుకింగ్ తెరవగానే రాత్రి భోజనం వేళకు రెండు పూటలైనా పట్టుకోండి. వయసు మాట వచ్చింది కనుక ఇంకొకటి: చాలా కంపెనీలు 6 నెలలలోపు శిశువును ఎక్కనివ్వవు, వరుసగా 3 రోజులు అంతకు మించి రేవు తగలకుండా సాగే ప్రయాణాలకు ఏడాది నిండాలంటాయి. మీ పాపకు ఆ అడ్డంకి లేదు. అయినా చంటిబిడ్డ గదా అని లెక్కలోంచి తీసివేయకండి. ప్రాణరక్షక పడవల్లో చోటు లెక్కించేటప్పుడు శిశువు కూడా ఒక మనిషే కనుక టికెట్టు తప్పనిసరి.

గది విషయంలో నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. బాల్కనీ గది మీద డబ్బు పెట్టే బదులు, ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో, పక్కపక్కనే రెండు కిటికీ లేని గదులు తీసుకోండి. ఊగిసలాట అక్కడ తక్కువగా తెలుస్తుంది, మధ్యాహ్నం కూడా చీకటిగా ఉండి పిల్లలు చక్కగా నిద్రపోతారు, ఒక గదిలో తాతయ్య గురక పెట్టినా రెండవ గదిలో పాప లేవదు. బాల్కనీ ఉన్న గది తీసుకున్నామా, 3 ఏళ్ల పిల్లవాడు కుర్చీని కమ్మీల దగ్గరకు లాక్కుంటాడేమోనని రాత్రింబవళ్లు కాపలా కాయవలసిందే. పాపకు మడత తొట్టి కావాలని బుకింగ్‌లోనే రాయించండి, అవి ఉచితమే గాని పరిమితంగా ఉంటాయి. తోపుడు బండి గొడుగులా మడిచేదే తీసుకువెళ్లండి. గది గుమ్మాలు ఇరుకు, బండిని నడవలో వదిలితే ఒప్పుకోరు.

మొదటి రోజు పెట్టెలు మీ చేతికి ఇవ్వకుండా రేవులోనే తీసుకొని సాయంత్రం ఎప్పటికో గది ముందు పెడతారు కనుక డైపర్లు, ఒక జత బట్టలు, మందులు, పాలపొడి, పాస్‌పోర్టులు చేతి సంచిలోనే ఉండాలి. డైపర్లు, పాలపొడి ఓడలో దొరుకుతాయని ఆశ పెట్టుకోవద్దు, ఇంటి నుండే లెక్కకు రెండు రోజులవి అదనంగా పెట్టుకోండి. ఓడ కదలక ముందే భద్రతా అభ్యాసం ఉంటుంది. 2012లో కోస్టా కాంకోర్డియా ఓడ ఇటలీ తీరాన ఒరిగిపోయిన తరువాత ఈ నియమాన్ని మరింత కఠినం చేశారు. ఇప్పుడు చాలా ఓడల్లో వీడియో చూసి, మీకు కేటాయించిన చోటికి వెళ్లి కార్డు చూపించి వస్తే చాలు. శిశువులకు తగిన లైఫ్ జాకెట్టు గదిలో లేకపోతే గది చూసే మనిషిని ఆ మధ్యాహ్నమే అడిగి తీసుకోండి.

వాంతులు, వికారం సంగతి మీ నాన్నగారు అడుగుతారని నాకు తెలుసు. మా తాతగారు గోపాలపురంలో మసూలా పడవ ఎక్కి, అలలు దాటి, దూరాన నిలిచిన రంగూను ఓడను చేరుకునేవారట. ఆ పడవ దిగేసరికే సగం మంది పడిపోయేవారని చెబుతూ ఉండేవారు. ఇప్పటి ఓడలకు ఊపును తగ్గించే రెక్కలు ఉంటాయి, తుఫానుల కాలం కూడా జూన్ 1 నుండి నవంబరు 30 వరకే లెక్క కనుక మీ డిసెంబరు ప్రయాణం కొంత నయం. పిల్లలకు వికారం మందు మాత్రం మీ పిల్లల వైద్యుణ్ణి అడగకుండా వేయవద్దు. మసూలా పడవ ముచ్చట ఎందుకు ఎత్తానంటే, కరీబియన్ సముద్రంలోని గ్రాండ్ కేమన్ ద్వీపం వంటి రేవుల్లో నేటికీ ఓడ దూరాన నిలిచి, చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు. బండి మడిచి, బిడ్డను చంకన వేసుకొని, ఊగే పడవలోకి అడుగు వేయాలి. అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే అది వద్దు. మెక్సికోలోని కొజుమెల్, బహామాస్‌లోని నాసావ్ వంటి చోట్ల ఓడ గట్టుకే ఆనుతుంది, అలాంటి రేవులున్న ప్రయాణమే ఎంచుకోండి. అక్కడి టాక్సీల్లో పిల్లల సీటు ఉంటుందని అనుకోవద్దు; నడిచి వెళ్లగలిగినంత దూరం వెళ్లి, మధ్యాహ్నం నిద్ర వేళకు ఓడకు వచ్చేయండి. అందరూ దిగిపోయిన ఓడలో ఆ రెండు గంటలూ రాజభోగంగా ఉంటుంది.

ఓడలో వైద్యశాల ఉన్నది గాని దానికి బిల్లు వేరు. మీ అమ్మానాన్నలకు తీసుకునే సందర్శకుల బీమా అమెరికా వెలుపల, సముద్రం మీద పనిచేస్తుందా లేదా అన్నది కాగితం మీద చూసుకోండి. కడుపు జబ్బుల విషయంలో చేతులకు రాసుకునే శానిటైజరును నమ్మవద్దు, నోరోవైరస్‌కు అది సరిగా పనిచేయదు. సబ్బు, నీళ్లతో కడగడమే దారి.

సియాటిల్ నుండి మరొక జవాబు

మాది రాయగడ. పెద్దాయన అన్నీ చక్కగా చెప్పారు గాని వీసాల మాట మిగిలిపోయింది, దానివల్ల మేము నష్టపోయాము కనుక రాస్తున్నాను. అలాస్కా అమెరికాలోనిదే గదా, కాగితాలతో పని ఏముంటుందని మేము ఇక్కడి నుండి క్రూజ్ బుక్ చేశాము. విదేశంలో నమోదై, విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవులో ఎక్కించుకున్నవారిని మధ్యలో విదేశీ రేవు తాకకుండా మరొక అమెరికా రేవులో దింపరాదని 1886 నాటి చట్టం ఒకటి ఉన్నది. ఇక్కడే ఎక్కి ఇక్కడే దిగినా, నడుమ అలాస్కా ఊళ్లు చూడాలంటే ఒక విదేశీ రేవు తగలవలసిందే. అందుకే విదేశీ జెండా ఉన్న మా ఓడ కెనడాలోని విక్టోరియాలో ఆగుతుంది, భారత పాస్‌పోర్టు గల మాకు కెనడా సందర్శక వీసా కావాలి. గ్రీన్ కార్డు ఉన్నవారికి అక్కరలేదట, మాకు అది లేదు. బయలుదేరే ముందు ఆన్‌లైన్ చెక్-ఇన్ చేస్తుండగా తెలిసి, ప్రయాణం మానుకొని, కట్టినదానిలో కొంత వదులుకున్నాము. తప్పు మాదే, చదవలేదు.

ఫ్లోరిడా నుండి వెళ్లినా మీరు దేశం దాటి తిరిగి ప్రవేశించినట్టే. 4 నెలల క్రితమే వచ్చారు కనుక మీ వీసా ముద్రకు గడువు ఉండే ఉంటుంది, ఉంటే మీకు ఇబ్బంది లేదు. మీ అమ్మానాన్నల వీసా ఒకటికి మించిన ప్రవేశాలకు చెల్లేదై ఉండాలి, తిరుగు ప్రయాణపు టికెట్టు ప్రతి వెంట ఉంచండి. ఆగే ప్రతి దేశానికీ భారత పాస్‌పోర్టుకు ఏమి కావాలో కంపెనీని రాతపూర్వకంగా అడగండి. ముద్ర గడువు తీరిన వారు ఎవరైనా ఇది చదువుతుంటే: 30 రోజులలోపు వెళ్లి రావచ్చన్న వెసులుబాటు హెచ్ వీసావారికి కెనడా, మెక్సికోలకే గాని బహామాస్ వంటి ద్వీపాలకు లేదు, అందులోనూ షరతులు ఉన్నాయి కనుక న్యాయవాదిని అడగకుండా కదలకండి. అమెరికా జెండాతో హవాయి దీవుల మధ్యనే తిరిగే ప్రైడ్ ఆఫ్ అమెరికా అనే ఓడ హోనలూలులో బయలుదేరి 7 రోజులకు అక్కడికే వస్తుంది. అది దేశం దాటదు. ఇక్కడ పుట్టిన పిల్లలకు ఎక్కిన రేవుకే తిరిగి వచ్చే ప్రయాణాల్లో జనన ధ్రువపత్రం సరిపోతుంది గాని, ఓడ తప్పిపోయి విమానం ఎక్కవలసి వస్తే పాస్‌పోర్టు లేక ఇరుక్కుంటారు.

అడిగినవారి మాట

ఇద్దరికీ కృతజ్ఞతలు. కెనావరల్ నుండి, కొజుమెల్ వెళ్లే ఓడలే చూస్తున్నాము. ఇంకొక్క సందేహం. మా అమ్మ బరంపురం అప్పడాలు, ఊరగాయ, ఒక చిన్న రైస్ కుక్కరు తెస్తానంటోంది. పాప పెరుగన్నం తప్ప వేరేది ముట్టదు. ఓడలో దానికి ఏమిటి దారి?

బరంపురం నుండి

కుక్కరు ఇంట్లోనే వదిలిపెట్టమనండి. మా ఆవిడ నా మాట వినకుండా చీరల మధ్య చుట్టి పెట్టింది. సాయంత్రం ఏడయినా మా పెట్టె గదికి రాలేదు. ఫోను చేస్తే కింది అంతస్తులో ఒక గదికి రమ్మన్నారు. అక్కడ పొడవాటి బల్ల మీద ఇస్త్రీ పెట్టెలు, నీళ్లు కాచే కెటిళ్లు, కొవ్వొత్తులు, వాటి నడుమ మా కుక్కరు, దాని పిడికి మా గది నంబరు రాసిన కాగితం కట్టి ఉన్నది. నిప్పు భయం వల్ల ఇలాంటి వస్తువులు ఒప్పుకోరు. దిగే రోజు ఉదయం వరుసలో నిలబడి తిరిగి తెచ్చుకున్నాము. ఇంట్లో చేసిన వంటలు కూడా సాధారణంగా అనుమతించరు, సీలు తీయని ప్యాకెట్లు తీసుకువెళ్లవచ్చు. కనుక ఊరగాయ కావాలంటే దుకాణంలో కొన్న చిన్న సీసా పెట్టుకోండి.

పెరుగన్నం గురించి బెంగ వద్దు. ఉదయం ఫలహారాల దగ్గర చక్కెర లేని పెరుగు ఉంటుంది, తెల్ల అన్నం వంటవాళ్లను అడిగితే ఇస్తారు; పాపకు మెత్తగా కావాలంటే కాస్త వేడినీళ్లు పోసి గరిటెతో మెదిపితే సరి. మొదటి రాత్రి భోజనాలశాలలో వడ్డించే పెద్దమనిషితో మీకు శాకాహార భారతీయ వంట ఏ రోజు కావాలో చెప్పండి, చాలా ఓడల్లో మరునాటి నుండి అది చేసి పెడతారు. బఫే నుండి పండ్లు ఒడ్డుకు తీసుకుపోకూడదని అమ్మగారికి ముందే చెప్పండి, అరటిపండు ఒకటి సంచిలో వేసుకుంటారు, అది రేవులో తీసి పారవేస్తారు.

పాప స్నానానికి చాలా ఓడల్లో గదిలో షవరు మాత్రమే ఉంటుంది, చెంబు, బకెట్టు ఉండవు. ఇసుకలో ఆడుకునే ప్లాస్టిక్ బకెట్టు, దానితో వచ్చే చిన్న మగ్గు పెట్టెలో వేసుకోండి. మా మనుమరాలికి 5 రోజులూ వాటితోనే నీళ్లు పోశాము.